బల్లగుడ్డ మీద దేశం

వాషింగ్టన్. పద్దెనిమిది వందల యాభై నాలుగు, ఫిబ్రవరి.
మిసెస్ పింకార్డ్ పూటకూళ్ల ఇల్లు.
బల్ల చుట్టూ తొమ్మిది మంది సభ్యులు,
బల్ల మీద రెండు కాల్చిన బాతులు,
గోడవారగా, చేతిలో గిన్నెతో కెటూరా.

చట్టసభలో పొద్దంతా అరిచింది చాలక
మిగిలిన అరుపుల్ని కోటు జేబుల్లో వేసుకొచ్చారు.

"గీత ఇదీ," అన్నాడు జార్జియా సభ్యుడు టాలివర్.
కత్తి మొనతో ఆవముద్ద తీసి
తెల్లటి గుడ్డ మీద
తూర్పు నుంచి పడమరకు లాగాడు.
"దీనికి పైన మన సొత్తు అడుగు పెట్టకూడదట!
ముప్ఫై నాలుగేళ్లు ఓర్చుకున్నాం."
అని, బొటనవేలితో గీతను తుడిచేశాడు.
తుడిచేశాననుకున్నాడు.
ఆవ మరక అంత తేలిగ్గా పోదు,
ఉతికేవాళ్లకి తెలుసు ఆ సంగతి.

ఒహాయో నుంచి వచ్చిన వెథర్బీ లేచి నిలబడ్డాడు.
మంచివాడు. కంఠమూ మంచిదే.
ఉప్పుగిన్నెని కాన్సాస్ అన్నాడు,
మిరియాల బుడ్డిని నెబ్రాస్కా అన్నాడు,
"స్వేచ్ఛగా పుట్టిన నేల, స్వేచ్ఛగానే బతకాలి" అన్నాడు.
నేల గురించి చెబుతుంటే కళ్లు చెమర్చాయి.
అటు చూడకుండానే చెయ్యి చాచాడు,
కెటూరా ఆ చేతిలో రొట్టె పెట్టింది.

"అక్కడికి వెళ్లినవాళ్లే తేల్చుకుంటారు, ఓట్లు వేసి,"
అన్నాడు మధ్య కుర్చీలో ఆయన,
ఎటూ మొగ్గని మనిషి, బాతు తొడ నములుతూ.
వెళ్లినవాళ్లంటే ఎవరు?
బండి తోలుకు వెళ్లినవాళ్లా,
ఆ బండి వెనక గొలుసుతో నడిచినవాళ్లా?
ఎవరూ అడగలేదు. పుడ్డింగు వచ్చింది.

విస్తరణ, విస్తరణ, రాత్రంతా అదే మాట.
ఇది రాస్తుంటే నాకు మా భాషలో విస్తరి గుర్తొస్తోంది:
పరిచేటప్పుడు అందరూ చూస్తారు,
ఎత్తేటప్పుడు ఎవరూ ఉండరు.

పది దాటాక సభ్యులు మెట్లెక్కారు.
టాలివర్ గుమాస్తా పెల్హామ్ ఒక్కడే మిగిలాడు,
పంతొమ్మిదేళ్ల కుర్రాడు,
మీసం ఇంకా ఒక నిర్ణయానికి రాలేదు.
పళ్లేలు ఎత్తుతూ, ఏదో చెంచా గురించి అడిగినట్టు
కెటూరా అడిగింది:
"అయ్యా, ఇందులో బ్రాజోస్ నది ఎక్కడ?"

నవ్వాడు. తర్వాత, ఎందుకో, మానేశాడు.
గుడ్డ మీదికి వంగి వెతికాడు.
ఉప్పుగిన్నెకి కిందుగా, చాలా కిందుగా,
టాలివర్ మోచెయ్యి ఆనిన చోట,
గ్రేవీ ఒలికి చారలు కట్టిన అంచున వేలు పెట్టాడు.
"టెక్సాస్. ఇక్కడెక్కడో."
"మనం?"
అటు కొస చూపించాడు.
ఆమె వెళ్లి, ఎముకల పళ్లెం జరిపి,
అక్కడ అరచెయ్యి ఆనించింది.
రెండు చేతుల మధ్య అయిదు కుర్చీలు.

జేబెజ్‌ని అమ్మినప్పుడు వాడికి పన్నెండు.
ఏడేళ్లయింది. పత్తికన్నారు. నది పేరు చెప్పారు.
పేరు చెప్పాడు కదా అని
ఆ వర్తకుణ్ణి పూర్తిగా తిట్టుకోలేకపోయింది కొన్నాళ్లు.
వాడికీ ఈపాటికి మీసం వస్తుండాలి.

అర్ధరాత్రి పెరట్లో నీళ్లు మరిగాయి.
ఒలికిన ఉప్పు, అంటే కాన్సాస్,
మొదటి జాడింపుకే కరిగిపోయింది.
వైను వదిలింది, వెథర్బీ వేలిముద్రలు వదిలాయి.
టాలివర్ చెరిపేసిన గీత
పలకకేసి ఎంత రుద్దినా పసుపుపచ్చగా అలాగే ఉంది.
కింది మూల, గ్రేవీ చార దగ్గరికి వచ్చేసరికి
ఆమె సబ్బు పక్కన పెట్టింది.

తీగ మీది గుడ్డ తెల్లారేసరికి గడ్డకట్టి
తలుపులా నిలబడింది,
మడత పెట్టబోతే పెళుసుగా చప్పుడు చేసింది.

"ఈ మరక వదల్లేదేమే?" అంది మిసెస్ పింకార్డ్.

"వదల్లేదమ్మా," అంది కెటూరా.